లోపలి జ్వరం

ఆ ఉదయం అల్లుడు వేసుకున్న పథకం చిన్నదే. కట్టబోయే ఇళ్ళు కట్టాక ఎలా ఉంటాయో ముందే బొమ్మ చేసి చూపించడం అతని ఉద్యోగం. ఒక పెద్ద బొమ్మ సాయంత్రానికల్లా పంపాలి. ముందురోజు కంప్యూటరు వేడెక్కి, బొమ్మ సగంలో ఉండగా ఆగిపోయింది. అందుకని దాని పక్క మూత విప్పి, బల్ల కింద దాని వెనకాల టేబుల్ ఫ్యాను పెట్టాడు. కాసేపు తేలికపాటి పని చేయించి, వేడి అదుపులో ఉంటే అసలు పని మొదలుపెట్టాలని అతని ఆలోచన.

లోపలి వేడిని గీతగా గీసే చార్టు ఒకటి తయారుచేసి, ఇంట్లో ఎటు తిరుగుతున్నా కనబడేలా హాల్లో టీవీకి కూడా పంపాడు. పైన "కోర్ టెంపరేచర్" అని పేరు వచ్చింది. పక్కనుండే కొలత ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా ఉండాలని అడిగితే, "నీ ఇష్టం" అన్నట్టు ఆటో అనే బటన్ నొక్కి, ఫోను పట్టుకుని తన గది బాల్కనీలోకి వెళ్ళాడు. ఆటో అంటే, ఉన్న అంకెల్లో చిన్నది అడుగున, పెద్దది నెత్తిన. అర డిగ్రీ పెరిగినా గీత కొండెక్కినట్టే కనిపిస్తుంది.

హాల్లో మామగారు సోఫాలో కూర్చుని, కూతురు ఆఫీసుకి వెళ్తూ చేతికి తొడిగిన కొత్త వాచీని తిప్పి తిప్పి చూసుకుంటున్నారు. గుండె, నిద్ర, నడక అన్నీ కొలిచి ఫోనుకో టీవీకో పంపుతుందని కూతురు చెప్పింది. వంటింట్లోంచి వచ్చిన అత్తగారు టీవీ చూసి నిలబడిపోయింది. ఆవిడ పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. కోర్ టెంపరేచర్ అంటే ఒంటి లోపలి వేడి అని ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు.

"ఏమండీ, ఒంట్లో ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉంది. ఏం?"

"ముప్ఫై తొమ్మిది దాటింది! పాత లెక్కలో నూట రెండు!"

"ఏది?"

"మీ జ్వరం."

నుదురు ముట్టుకుంటే చల్లగా ఉంది. థర్మామీటరు పెడితే మామూలుగానే చూపించింది. అత్తగారు దాన్ని విదిలించి పక్కన పడేసింది. "ఇది పైపైన చూస్తుంది. వాచీ లోపలిది చూస్తోంది. లోపలి జ్వరం మహా మొండిది. పడుకోండి."

మామగారు పడుకున్నారు. ఆవిడ ఆ గొంతుతో చెప్పినప్పుడు ఆసుపత్రిలో పెద్ద డాక్టర్లే కూర్చునేవారు. నుదుటి మీద తడిగుడ్డ పడింది. గాలి చాలదనిపించి ఆవిడ అల్లుడి గదిలోకి వెళ్ళి, బల్ల కింద ఎవరికీ కాకుండా తిరుగుతున్న ఫ్యానును పట్టుకొచ్చి ఆయన తలవైపు పెట్టింది.

గీత నిటారుగా లేచింది.

"ఫ్యాను పెడితే పెరుగుతోందేమిటే?" అన్నారు మామగారు, మొదటిసారి కాస్త భయంగా.

"చలిజ్వరమన్నమాట" అని ఆవిడ దుప్పటి కప్పింది. ఫ్యాను మాత్రం తియ్యలేదు. గీత ఇంకా పెరిగింది. ఇంకో దుప్పటి వచ్చింది. వాటి కింద మామగారికి నిజంగానే చెమటలు పట్టాయి.

"నాలిక చేదుగా ఉందే."

"ఉండదూ మరి!" అంటూ ఆవిడ పై అంతస్తులో ఉండే డాక్టరుకి ఫోను చేసింది. తర్వాత కూతురికి వీడియో కాల్ చేసి, ఫోనును టీవీ వైపు తిప్పింది.

సరిగ్గా అప్పుడే అల్లుడు బాల్కనీలోంచి గదిలోకి వచ్చాడు. తెర మీద గీత చూసి గుండె జారింది. పక్కనున్న అంకెలు చదివాక ప్రాణం కుదుటపడింది. "రెండు డిగ్రీలకా ఇంత కొండ!" అని నవ్వుకుని, ఆటో తీసేసి, సున్నా నుంచి వంద దాకా అని కొట్టబోయి, తొందరలో సున్నా ఒకటి ఎక్కువ కొట్టాడు. వెయ్యి డిగ్రీల చార్టులో గీత అడుగున చాపలా పరుచుకుంది. నిలకడంటే ఇదీ అనుకుని, అసలు పని మొదలుపెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. వంగి బల్ల కింద చూడలేదు.

"అమ్మా! గీత పడిపోయింది!" ఫోనులో కూతురు కేక పెట్టింది.

అది వేడి గీతో గుండె గీతో ఆ క్షణాన ఎవరికీ గుర్తులేదు. అత్తగారు ఒక్క అంగలో సోఫా ఎక్కి, రెండు చేతులూ ఆయన రొమ్ము మీద మోపి నొక్కడం మొదలుపెట్టింది.

"ఏయ్, ఏయ్, బతికే ఉన్నానే!"

"మీరు మాట్లాడకండి, అలిసిపోతారు!"

డాక్టరు వచ్చి ఇద్దర్నీ విడదీశాడు. నాడి చూశాడు, గుండె విన్నాడు. "ఈయనకేం లేదమ్మా, దుప్పట్లు తప్ప" అన్నాడు. తర్వాత టీవీ చూశాడు. "ఆ చార్టు ఎవరిది?"

"నాదండీ" అన్నాడు గోలకి బయటికొచ్చిన అల్లుడు.

డాక్టరు చటుక్కున అతని మణికట్టు పట్టుకున్నాడు. "ఎప్పట్నుంచి?"

"నిన్నట్నుంచి. మధ్యమధ్యలో ఆగిపోతోంది."

"ఏది, గుండెనా?"

"కంప్యూటరండీ!"

విషయం అర్థమయ్యాక అల్లుడు పెద్దరికం తెచ్చుకున్నాడు. "అంతా కొలతలో ఉంది అత్తయ్యా. ఇందాక గోరంతని కొండంత చేసి చూపించింది. ఇప్పుడు చూడండి, ఎంత నిలకడగా ఉందో."

అందరూ చూశారు. గీత అడుగునుంచి గోరంత లేచింది. గోరంతకి భయపడేవాళ్ళు ఇక ఆ ఇంట్లో లేరు.

"ఏం ఫరవాలేదు" అని డాక్టరు కూడా తేల్చాడు.

టీవీ నల్లబడిపోయింది.

అల్లుడు గదిలోకి పరుగెత్తాడు. లోపలినుంచి కాలిన ప్లాస్టిక్ వాసన, దాని వెనకే అతని గొంతు వచ్చాయి. "ఇక్కడ ఫ్యానేదీ?"

హాల్లో మామగారి జుట్టు గాలికి ఎగురుతోంది.

కొండను చూసి నవ్వినవాడికి అది నిజంగా కొండేనని అప్పుడు తెలిసింది. బొమ్మ మొత్తం పోయింది. ఇంకో రోజు గడువడిగితే అవతలివాళ్ళు ఇచ్చారు గానీ, ఇచ్చేముందు చాలాసేపు మాట్లాడారు.

ఆఫీసునుంచి పడుతూ లేస్తూ వచ్చిన కూతురు గది గుమ్మంలో ఆగిపోయింది. భర్త తల పట్టుకుని నేలమీద కూర్చున్నాడు. డాక్టరు కంప్యూటరు మూత పట్టుకుని నిలబడ్డాడు. తల్లి తిరిగి తెచ్చిన ఫ్యాను చాలక కంప్యూటరుకి న్యూస్ పేపరుతో కూడా విసురుతోంది.

"కంగారు పడకే, వేడి దిగుతోంది" అంది తల్లి.

"ఎవరికమ్మా?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పేసరికి చాలాసేపే పట్టింది. మామగారు మాత్రం సాయంత్రం దాకా దుప్పట్ల కిందే ఉన్నారు. లేవచ్చని ఆయనకి ఎవరూ చెప్పలేదు.