మీటరు మామయ్య నూట పన్నెండు కళ్లు

ఆ ఉదయం మీటరు మామయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి గణిత విభాగం మీటరు చూడాలి. తొమ్మిదింటికి ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి. పదింటికి వైస్ చాన్సలర్ గారు వచ్చి "బాగుంది" అంటే, ఆ ఒక్క మాట మూటగట్టుకుని ఇంటికి పోవాలి.

విశ్వవిద్యాలయంలో ఆయన ముప్ఫై రెండేళ్లుగా ఎలక్ట్రీషియన్. రోజూ పొద్దున్నే భవనం భవనానికీ తిరిగి మీటర్లు రాసుకుంటాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. మనిషి లేని గదిలో లైటు వెలుగుతుంటే ఆయనకు అన్నం సహించదు. ఆ వెలుగు కోసం ఎక్కడో బొగ్గు కాలుతోందనీ, ఆ పొగ తన మనవరాలి దాకా వస్తుందనీ ఆయన బెంగ. అందుకే ఆరు వారాలు నిచ్చెన దిగకుండా గణిత విభాగంలో నూట పన్నెండు సెన్సర్లు బిగించాడు. గదిలో పావుగంటసేపు కదలిక లేకపోతే అవి లైటూ ఫ్యానూ ఏసీ అన్నీ ఆర్పేస్తాయి. ఎవరైనా అడుగుపెట్టగానే వెలిగిస్తాయి. ఇవాళ వైస్ చాన్సలర్ గారికి నచ్చితే మిగతా నలభై భవనాలకూ పెడతారు. నచ్చకపోతే అట్టపెట్టెల్లోకి తిరిగి సర్దెయ్యాలి. మామయ్య రిటైర్మెంటుకు మూడు నెలలుంది. మరో అవకాశం రాదు.

భవనం ఆ క్షణాన ఎంత కరెంటు లాగుతోందో చూపే పెద్ద తెరను కూడా కింది హాల్లో ఆయనే పెట్టాడు. సెన్సర్లకు ముందు అది రోజంతా యాభై ఎనిమిది కిలోవాట్ల దగ్గర ఉండేది. ఇప్పుడు ఇరవై ఒకటి. ఇంకాస్త తగ్గితే చూడముచ్చటగా ఉంటుందని ఆయనకు ఆశ పుట్టింది. వాచ్‌మన్‌ను పిలిచాడు.

"లైటు ఆరిందంటే గదిలో ఎవరూ లేరన్నమాట. వెంటనే తాళం వేసెయ్. ఊరికే తలుపు తీసి తొంగిచూశావనుకో, మళ్లీ వెలుగుతుంది."

"తొంగి కూడా చూడొద్దంటారా?"

"అసలు చూడొద్దు."

అది గణిత విభాగమన్న సంగతి మాత్రం ఆయనకు తట్టలేదు.

ఆ విభాగం హెడ్డు గారు పదకొండేళ్లుగా ఒకే లెక్కతో కుస్తీ పడుతున్నారు. కుర్చీలో కూర్చుని గోడకేసి చూడటం మొదలుపెడితే కనురెప్ప తప్ప మరేమీ కదలదు. ఆ ఉదయం తొమ్మిదింటికి ఆయన మందపాటి తెరలు దించి ఉన్న సెమినార్ గదిలో కూర్చున్నారు. తొమ్మిదింబావుకు లైట్లు ఆరాయి. తొమ్మిదీ ఇరవైకి వాచ్‌మన్ వచ్చి, చెప్పిన మాట తు.చ. తప్పకుండా పాటించాడు.

పదింటికి వైస్ చాన్సలర్ గారు వచ్చారు. స్వాగతం చెప్పాల్సిన హెడ్డు గారు లేరు.

"స్కూటరు ఉంది, మనిషి లేరు," అన్నారు ఒక లెక్చరర్.

"క్యాంటీన్‌లో ఉంటారేమో."

"మేడ మీద చూశారా? ఈమధ్య మనిషి ఏదోలా ఉంటున్నారు."

ఆ చివరి మాటతో అందరి గుండెల్లో రాయి పడింది. ఇరవై మంది ఇరవై వైపులకు పరుగెత్తారు. తాళం వేసినవాటిలో ఎవరూ ఉండరని వదిలేసి, మిగతా గదులన్నీ తెరిచారు. తెరిచిన ప్రతి గదిలోనూ లైట్లు భగ్గుమన్నాయి, ఏసీలు గుర్రుమన్నాయి. సెన్సర్లు ఒక్కటి కూడా తప్పకుండా పనిచేస్తున్నాయి. అదే వచ్చిన చిక్కు. తెర మీద అంకె ముప్ఫై అయింది, నలభై ఆరు అయింది, చివరికి పాత చోటికే, యాభై ఎనిమిదికి, చేరి కూర్చుంది. వైస్ చాన్సలర్ గారు దానికేసి చూస్తున్నారు. మామయ్య ఆయనకేసి చూస్తున్నాడు. మనసులో అట్టపెట్టెలు ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటున్నాడు.

మామయ్య కూతురు ఆ విభాగంలోనే లెక్చరర్. హెడ్డు గారి భార్యకు ఫోన్ చేసింది ఆవిడే.

"కనిపించట్లేదా?" అన్నారు అవతలి నుంచి తాపీగా. "ఎక్కడో కూర్చుని ఉంటారమ్మా. ఇంట్లోనూ అంతే. నేను కుర్చీతో పాటు ఆయన్నీ దులిపేస్తుంటాను."

కూతురు ఫోన్ దించి తండ్రికేసి తిరిగింది. పనిచేసే చోట నన్ను నాన్నా అనకు, నీ హోదా నీదని మామయ్య ఆమెకు ఎప్పుడో చెప్పాడు. ఏడేళ్లుగా ఆమె కూడా అందరిలాగే మామయ్యా అనేది.

"నాన్నా," అంది హాలంతా వినిపించేలా. "తాళం వేసిన గదులు చూడాలి. ఆయన కదిలి ఉండరు."

సెమినార్ గది తలుపు తీయగానే లైట్లు వెలిగాయి. హెడ్డు గారు కళ్లు చికిలించి చూశారు.

"వచ్చారా? లెక్కలో మూడో మెట్టు దగ్గర ఉందండీ తప్పు. పదకొండేళ్లకు దొరికింది."

"లైట్లు ఆరినప్పుడు పిలవచ్చు కదండీ," అన్నాడు మామయ్య నీరసంగా.

"పొదుపు కోసం ఆర్పారనుకున్నాను. తలుపు కూడా వేశారు. నాకింత మర్యాద ఇక్కడ ఎవరూ చెయ్యలేదయ్యా."

ఆయన బోర్డు దగ్గరికి వెళ్లి మూడో మెట్టు రాయడం మొదలుపెట్టారు. వైస్ చాన్సలర్ గారూ, వెతకడానికి పోయినవాళ్లూ అంతా వచ్చి గోడల వెంట నిలబడ్డారు. కూతురు వెళ్లి కిటికీ తెరలు పైకి లాగింది. ఎండ బోర్డు మీద పడింది. ఆమె లైట్లు ఆర్పేసింది. అవి లేవని ఎవరూ గమనించలేదు.

అరగంటకు మూడో మెట్టు నాలుగో మెట్టులోకి వెళ్లబోతుంటే వైస్ చాన్సలర్ గారు మెల్లగా బయటికి జారుకున్నారు. క్షమాపణ సిద్ధం చేసుకుని మామయ్య వెనకాలే దిగాడు. ఆయన కూతురూ దిగింది. తెర మీద అంకె తొమ్మిది.

"ఇందాక యాభై ఎనిమిది కదా?" అన్నారు వైస్ చాన్సలర్ గారు.

"అవునండీ. ఇదివరకు రోజూ అంతే."

"ఇప్పుడు మనుషులు ఎవరైనా తగ్గారా?"

"లేదండీ. అందరూ ఆ ఒక్క గదిలోనే ఉన్నారు."

"మరి మిగతా నలభై తొమ్మిదీ ఇన్నేళ్లూ ఎవరి కోసం వెలిగించాం?"

మామయ్య నిజమే చెప్పాడు. "కుర్చీల కోసమండీ."

వైస్ చాన్సలర్ గారు చాలాసేపు నవ్వారు. "నలభై భవనాలకూ పెట్టేయండి. ఎవరు బిగించారివి?"

"నూట పన్నెండూ మా నాన్న చేత్తో బిగించినవేనండీ," అంది కూతురు.

మామయ్య చొక్కా ఇస్త్రీ ఎప్పుడో నలిగిపోయింది. అయినా అందులో ఆయన నిటారుగా నిలబడ్డాడు.

మర్నాడు రిజిస్ట్రార్ ఉత్తర్వు వచ్చింది: గణిత విభాగంలో ఏ గదికైనా తాళం వేసేముందు మూడుసార్లు పిలవవలెను, జవాబు రానిచో లోపల ప్రొఫెసర్ ఉన్నట్లు భావించవలెను.