రోజుకు బెత్తెడు

ఆ పొద్దున తోటమాలి పెట్టుకున్న పని చిన్నది. గాజుగది కప్పులో ఒక్క పలక తీయాలి. భోజనం వేళకి అయిపోవాలి.

విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర విభాగం వెనక ఉంది ఆ గాజుగది. దాని నడిమధ్య పెద్ద తొట్టిలో ఒక ముళ్లమట్టల మొక్క. ముప్ఫై ఒక్క ఏళ్లుగా అది ఏమీ చేయలేదు. అన్నేళ్లు ఏమీ చేయకుండా ఉండటం ఆ ఆవరణలో వింత కాదు. జీతం తీసుకోకుండా ఉండటం వింత. దాన్ని తెచ్చింది తోటమాలి భార్య. ఆమె అక్కడే ఊడ్చే పనిలో ఉండేది. ఎవరో పరిశోధన అయిపోయిందని చెత్తకుప్పలో పారేసిన బొటనవేలంత పిలకని ఏరుకొచ్చి, పగిలిన లోటాలో నాటింది. పండితులు దానికి పలకడానికి వీల్లేని పేరు రాసి చెక్క తగిలించారు. ఆమె మాత్రం "మొండిది" అని పిలిచేది.

"ఇది జన్మలో ఒక్కసారే పూస్తుందట. పూసి చచ్చిపోతుందట. చూసే పోదాం" అనేది.

"నాకు వేరే పనేముంది" అనేవాడు తోటమాలి.

ఆమె చూడకుండానే పోయింది. నాలుగేళ్లయింది. ఆ మాట మీద అతను ఇప్పటికీ ఆమెని క్షమించలేదు.

నెలన్నర కిందట మట్టల నడుమ నుంచి మోచెయ్యంత లావు కాడ లేచింది. అప్పట్నుంచి రోజుకు బెత్తెడు పెరుగుతోంది. సాయంత్రం వెదురుకర్ర మీద గీత పెట్టి వెళ్తే, పొద్దున్నకి కాడ కొన గీత దాటి ఉండేది. ముప్ఫై ఏళ్లు దాచుకున్న బలమంతా ఎవరో పిలిచినట్టు పైకి పోతోంది. కాడకి చెయ్యి ఆనించి నిలబడితే అతనికి ఒళ్లు జలదరించేది. దేవుడి మీద అతనికి పెద్దగా నమ్మకం లేదు, అయినా చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్లడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు పదిహేను అడుగులు. కప్పు ఇరవై నాలుగు. మూడు రోజులకి అడుగు లెక్కన ఇరవై ఏడు రోజుల్లో తల గాజుకి తగులుతుంది. తగిలితే మొగ్గ నలిగి కుళ్లిపోతుంది. తను ఉద్యోగం నుంచి దిగిపోయేదీ సరిగ్గా ఇరవై ఏడో రోజునే. దిగిపోయాక ఆవరణలో అడుగు పెట్టాలంటే అనుమతి చీటీ కావాలి. అది పూసేది ఎప్పుడో, చీటీ వచ్చేది ఎప్పుడో.

అందుకని పొద్దున్నే నిచ్చెన వేసి కప్పు నడిమి పలక దగ్గరికి ఎక్కాడు, దిగాడు. ఇనుప చట్రంలో ఉన్న పలక అది. ఎత్తాలంటే అవతల పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. ఆ మనిషిని అడగడానికి వెళ్లాడు. అదే అతను చేసిన తప్పు.

విభాగాధిపతి మేడమ్ నిచ్చెన మాట వినగానే కళ్లజోడు తీసింది. మంచి మనిషి. కానీ ఏ మాటనైనా ఉపన్యాసం కింద మార్చగలదు.

"మనిషిని ఇవ్వడానికేం, పెద్దాయనా. రిజిస్ట్రారుకి ఒక ముక్క రాసి పడేద్దాం. మర్యాదకి."

"మర్యాద ఎందుకమ్మా, అరగంట పని."

"మన మొక్క, మన గది. మనకి స్వయంప్రతిపత్తి ఉంది. ఎవరు కాదంటారు?" అని ఆ ముక్క రాసింది.

రిజిస్ట్రారు చెడ్డవాడు కాడు. చెడ్డవాడు కావడానికైనా ఆయనకి పైనుంచి ఉత్తర్వు రావాలి. ఆయన పాత కాగితాలన్నీ తీయించి చూస్తే తేలింది ఏమిటంటే, గాజుగదిలో ఏం పెంచాలన్నది విశ్వవిద్యాలయం ఇష్టం. గాజుగది కప్పు మాత్రం ప్రభుత్వానిది. యాభై ఏళ్ల కిందట ఎవరో అలా రాసుకున్నారు. లోపల స్వేచ్ఛ, పైన సర్కారు. ఈ రెండూ ఎప్పుడైనా తగులుకుంటాయని ఆ రాసినవాడికి తోచలేదు. అతను మొక్కలు పెంచి ఉండడు.

కాబట్టి ఉన్నత విద్యాశాఖకి ఉత్తరం వెళ్లింది. మొక్క ఎత్తు పదిహేను అడుగులనీ, ఒక పలక తీయడానికి అనుమతి ఇప్పించాలనీ. ఆ ఉత్తరాన్ని ముద్ర కొట్టి పంపింది తోటమాలి బావమరిది. వచ్చే పోయే కాగితాల గుమాస్తా అతనే.

"బావా, నీ మొక్క సర్కారు గడప ఎక్కింది" అన్నాడు.

"దిగుతుందా?"

"ఎక్కినవి దిగడం నేనైతే చూళ్లేదు."

తొమ్మిది రోజులకి జవాబు వచ్చింది. అనుమతి కాదు, ప్రశ్న. మొక్క ఎత్తు ఎంతో సరిగా కొలిచి తెలపాలి. తోటమాలి కొలిచాడు. పద్దెనిమిది. అదే రాశారు.

ఆరు రోజులకి ఇంకో కాగితం. మొదటి లేఖలో పదిహేననీ రెండో లేఖలో పద్దెనిమిదనీ రాశారు కాబట్టి ఏది నిజమో, ప్రభుత్వాన్ని తప్పుదోవ పట్టించినందుకు ఎవరి మీద చర్య తీసుకోవాలో తెలపాలి. రిజిస్ట్రారు చెమట తుడుచుకుంటూ గాజుగదికి వచ్చాడు. ఈ జన్మలో ఆయన అక్కడికి రావడం అదే మొదలు.

"ఏమయ్యా, ఒక మాట మీద నిలబడలేవా? ఎంత ఇది?"

"ఇవాళ ఇరవై, సార్."

రిజిస్ట్రారు కోప్పడబోయి తల ఎత్తాడు. ఎత్తిన తల దించలేదు. కాడ కొన చుట్టూ పిడికిళ్లలా మూసుకున్న ఆకుల్లోంచి వెలుతురు వడపోసినట్టు దిగుతోంది. 

"ఇది… ఇప్పుడు కూడా పెరుగుతోందా?"

"మనం మాట్లాడుకునేంతలో కూడా సార్."

"ఎవరు చెప్పారు దీన్ని పెరగమని?" అన్నాడాయన. గొంతులో కోపం లేదు.

వివరణ పంపారు. మొక్క ప్రాణి గనక పెరుగుతోందని, రెండు కొలతలూ నిజమేనని, తాజా కొలత ఇరవై అని. మూడు కొలతలు చూసి శాఖకి తల తిరిగింది. ఈసారి తపాలా కాదు, మనిషి చేతనే ఉత్తర్వు పంపారు. 'తుది నిర్ణయం వెలువడే వరకు సదరు గదిలో యథాతథ స్థితి కొనసాగించవలెను.' రిజిస్ట్రారు దాని నకలు ఒకటి తొట్టికి అంటించాడు. ఎవరైనా పైకెక్కి స్థితి మార్చకుండా నిచ్చెనని తన గదిలో పెట్టి తాళం వేయించాడు.

ఆ సాయంత్రం బావమరిది వచ్చి తొట్టి మీది కాగితం చదివాడు.

"దానికి చదివి వినిపించావా బావా?"

"వినిపించాను."

"ఏమంది?"

"బెత్తెడు."

తోటమాలి జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. ఏదో గలగలమంది. తాళాలనుకున్నాడు బావమరిది. ఆ వారం గట్టిగా గాలి వీచినప్పుడల్లా తోటమాలి పరుగున గాజుగదిలోకి వెళ్లి కప్పుకేసి చూసేవాడు. ముసలాడికి మొక్క మీద బెంగ పట్టుకుందని అందరూ అనుకున్నారు.

మేడమ్ మాత్రం యుద్ధం ప్రకటించింది. మొక్క పెరగడం బోధనలో భాగమనీ, బోధనలో ప్రభుత్వం వేలు పెట్టకూడదనీ అధ్యాపకుల సభలో గంటన్నర మాట్లాడింది. సభ తీర్మానం చేసింది. మొక్కకి పెరిగే హక్కు ఉందని అరవై రెండు మంది, ఆ హక్కు విశ్వవిద్యాలయం ఇచ్చిందే తప్ప దానికి పుట్టుకతో లేదని ముగ్గురు. విద్యార్థులు "పెరగనివ్వండి" అని అట్టలు రాసి పట్టుకున్నారు. పత్రికలవాళ్లు వచ్చారు. వచ్చిన ప్రతివాడూ అరుస్తూ గదిలోకి వెళ్లి, తల ఎత్తి, మాట పడిపోయి బయటికి వచ్చాడు. ఒక కుర్ర విలేకరి చేతిలో పుస్తకం తెరిచి ఏమీ రాయకుండానే మూసేశాడు.

ఇరవై ఒకటో రోజున శాఖ విసిగిపోయి దిగొచ్చింది. ఇక మీదట కప్పుతో సహా సర్వాధికారాలూ విశ్వవిద్యాలయానివే. మేడమ్ కళ్ల నీళ్లు పెట్టుకుంది. "చూశావా పెద్దాయనా, గెలిచాం. ఇక మన ఇష్టం."

"అయితే నిచ్చెన ఇప్పించండమ్మా. ఒక మనిషినీ."

"ఇప్పిస్తాం. ముందు ఒక సంఘం వేయాలి. మన నిర్ణయం మనమే తీసుకుంటున్నాం కదా, ఎవరూ వేలెత్తి చూపకూడదు."

సంఘంలో ఐదుగురు. ఒక పలక చాలన్నారు భౌతికశాస్త్రంవారు. రెండు కావాలన్నారు కట్టడాలవారు. కప్పు తీస్తే అది గాజుగది అవుతుందా అన్నది ముందు తేల్చాలన్నారు తత్వశాస్త్రంవారు. రెండు రోజులు అదే తేల్చారు. మూడో రోజు తోటమాలిని పిలిచి అడిగారు, ఎత్తెంత అని.

"ఇరవై మూడు."

సంఘం పెద్ద కాగితాలు తిరగేశాడు. "ప్రభుత్వానికి ఇరవై అని చెప్పావే?"

తోటమాలి అతని ముఖంలోకి చూశాడు. ఇరవై రోజులు దూరం నుంచి వచ్చిన ప్రశ్న ఇప్పుడు పక్క గదిలోంచి వచ్చింది. తేడా అంతే. తపాలా ఖర్చు కలిసొచ్చింది.

ఇరవై ఏడో రోజు పొద్దున గాజుగది నిండిపోయింది. కప్పుని విశ్వవిద్యాలయానికి అప్పజెప్పడానికి సర్కారు ఇంజనీరు వచ్చాడు. పుచ్చుకోవడానికి రిజిస్ట్రారు. సంఘం ఐదుగురు. మేడమ్. కాగితాల కట్టతో బావమరిది. ఉద్యోగంలో చివరి రోజు కాబట్టి ఉతికిన చొక్కా వేసుకుని తోటమాలి. కాడ కొన పలకకి అర అంగుళం దూరంలో ఉంది. 

"కప్పు వివరం చదవండి" అన్నాడు ఇంజనీరు.

"పలకలు మూడు వందల పన్నెండు. పలకకి నాలుగు చొప్పున మరలు పన్నెండు వందల నలభై ఎనిమిది" అని చదివాడు బావమరిది.

"అన్నీ ఉన్నాయా?"

"యథాతథంగా ఉన్నాయి. ఎవరూ ఎక్కలేదు" అన్నాడు రిజిస్ట్రారు గర్వంగా. "నిచ్చెన నా దగ్గరే ఉంది."

ఇద్దరూ సంతకాలు చేశారు. అప్పుడు సంఘం పెద్ద గొంతు సవరించుకుని, పలక తీసే విషయం వచ్చే వారం కూర్చుని మాట్లాడదామన్నాడు. ఆ మాట పూర్తి కాకముందే పైన చిన్న చప్పుడైంది.

అందరూ తలలు ఎత్తారు.

కాడ కొన పలకని తాకింది. ఆగింది. ఆగినట్టే కనిపించింది. ఎండ ఎక్కింది. ఎవరూ కదల్లేదు. ఎంతసేపు నిలబడ్డారో ఎవరికీ తెలియదు. సర్కారువాడూ విశ్వవిద్యాలయంవాడూ భుజాలు తగిలించుకుని, నోళ్లు తెరుచుకుని, పిల్లల్లా నిలబడ్డారు. పలక ఒక పక్క వెంట్రుకవాసి లేచింది. సన్నటి గీత లాంటి ఆకాశం లోపలికొచ్చింది. గీత వేలంత అయింది. అంత బరువైన ఇనుప చట్రం, నిద్రలో పక్కకి ఒత్తిగిలినట్టు, మెల్లగా వాలి పక్క పలకల మీద సర్దుకుంది. ఒక్క బీట కూడా పడలేదు. ఆ చదరంలో నీలం తప్ప ఏమీ లేదు. దాని నడుమ పచ్చటి కొన, తల దించకుండా.

ఇంజనీరు టోపీ తీశాడు. ఎందుకు తీశాడో ఆయనకే తెలియదు.

"ఇనుముని కూడా ఒప్పించింది. ఇది… దీన్నే అంటారు స్వయంప్రతిపత్తి అని" అంది మేడమ్, గుసగుసగా. ఈసారి ఉపన్యాసం ఇవ్వలేదు. ఏడ్చింది.

అద్భుతం జరిగిందని అందరూ రాసుకున్నారు. ప్రభుత్వం తన కాగితంలో తనే అనుమతిచ్చానంది. విశ్వవిద్యాలయం తన కాగితంలో తనే నిర్ణయించానంది. రెండింటి మీదా తేదీ ఒకటే.

సాయంత్రం తోటమాలి తాళాలూ కత్తెరా వెదురుకర్రా అప్పజెప్పడానికి బావమరిది బల్ల దగ్గరికి వెళ్లాడు. చివర్న జేబులోంచి ఒక గుడ్డమూట తీసి విప్పాడు. నూనె రాసిన నాలుగు మరలు.

బావమరిది ఒక మర ఎత్తి వేళ్ల మధ్య తిప్పాడు.

"ఎప్పుడు తీశావు బావా?"

"మొదటి రోజే. మనిషిని అడగడానికి పోయే ముందు."

"అయితే ఇన్నాళ్లూ ఆ పలక ఊరికే పెట్టి ఉందా? ఇంతమంది కొట్టుకు చచ్చారే, ఒక్క ముక్క చెప్పొచ్చుగా."

"ఎత్తు అడిగారు. అడిగినప్పుడల్లా చెప్పాను. మరల సంగతి ఎవడూ అడగలేదు."

బావమరిది అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "రేపట్నుంచి నిన్ను లోపలికి రానివ్వరు. చీటీకి రాయనా?"

"అక్కర్లేదు" అన్నాడు తోటమాలి. వచ్చేటప్పుడు గాజుగది బయట ఒకసారి ఆగి చూసుకున్నాడు. కప్పు మీంచి అర బెత్తెడు బయటికొచ్చింది. ఇంకో వారానికి గోడ అవతల రోడ్డు మీది నుంచి కూడా కనబడుతుంది. పూసినప్పుడు ఎవరినీ అడగకుండా చూడొచ్చు, ఇద్దరి తరఫునా. "ఈ మరలు తీసుకుని రసీదు ఇవ్వు. నాకు పొద్దుపోతోంది."

బావమరిది ఆ పొద్దున సంతకాలు పడ్డ కాగితం తీసి, వేలు పెట్టి చదివి, మరలు వెనక్కి తోశాడు. తీసుకోవడం కుదరదన్నాడు, రికార్డు ప్రకారం అవి కప్పు మీదే ఉన్నాయి.