పరీక్షకు నిలిచిన ఇటుకల పెట్టె

పది గంటలకు బొమ్మల దుకాణం, పదిన్నరకు తిరిగి ఇల్లు. వంతెనల తాతయ్య పథకం అంతే. ముప్ఫై ఏళ్లు వంతెనలు తనిఖీ చేసి రిటైరైన మనిషికి, రెండేళ్ల మనవరాలి పుట్టినరోజుకు ప్లాస్టిక్ ఇటుకల పెట్టె కొనడం ఒక లెక్కా?

లెక్కే. నిరుడు ఆయన అదే పాపకు ఆరువందల ముక్కల క్రేను మోసుకొచ్చాడు. ఒక ముక్కను పాప నోట్లోంచి, ఇంకో ముక్కను కొడుకు అరికాల్లోంచి పీకాల్సి వచ్చింది.

"మావయ్యగారూ, ఇదే ఆఖరి ఛాన్సు," అంది కోడలు గుమ్మంలో. "ఈసారి కూడా తేడా వస్తే ఇక బొమ్మలు కొనే పని మా నాన్నదే."

వియ్యంకుడిదా! తాతయ్య సంచిలో టేపు, చిన్న సుత్తి పడేసుకుని బయల్దేరాడు.

దుకాణంలో గోడ పొడుగునా ఇటుకల పెట్టెలే. నమూనాగా పెట్టిన ఇటుకల్లో ఒకదాన్ని తాతయ్య కొలిచాడు. సుత్తితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. తర్వాత రెండిటిని నేలమీద పెట్టి, బూట్లతో ఎక్కి నిలబడి, నోటుబుక్కు తీశాడు.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "సార్! ఇవాళ తనిఖీ అని మాకెవరూ చెప్పలేదే!"

"చెప్పి చేస్తే అది తనిఖీ ఎలా అవుతుందయ్యా?" అన్నాడు తాతయ్య, పాత అలవాటు కొద్దీ.

వెంటనే కుర్చీ వచ్చింది, కాఫీ వచ్చింది. ఇక్కడ మర్యాద బాగుందే అనుకున్నాడాయన. పెట్టెలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

"ఇవి గొంతులో ఇరుక్కుంటాయి. తీసెయ్. ఇవి ఊడాలంటే పట్టకారు కావాలి, పసిచేతుల వల్ల కాదు. ఇందులో రెండువందల ముక్కలా? కొత్తగా నేర్చుకునే పిల్లకు పాతిక చాలు!"

ఆయన వద్దన్న ప్రతి పెట్టె అరల్లోంచి మాయమైంది. చుట్టూ తల్లులు మూగారు. "సార్, మావాడికి మూడేళ్లు, ఏది కొనమంటారు?" వరుస వాకిలి దాటింది.

ఇంతలో మేనేజరు ఫోన్‌లో ఎవరితోనో, "కాస్త ఆగండి, ఇన్‌స్పెక్టరుగారు ఏది ఒప్పుకుంటే అదే అమ్ముతాం," అనడం వినపడింది. తాతయ్య కాఫీ కప్పు పక్కన పెట్టేసి లేచాడు.

"బాబూ, నేను ఇన్‌స్పెక్టర్ని కాను! మనవరాలికి బొమ్మ కొనడానికొచ్చాను!"

మేనేజరు కన్నుగీటాడు. "అర్థమైంది సార్. రహస్యంగా వచ్చారు. చచ్చినా బయటపెట్టం."

చివరికి నెగ్గింది ఒక్కటే: అరచేతిలో నిండుగా పట్టే ఇటుకలు, మొత్తం ఇరవై నాలుగు. జనం దానిమీద విరుచుకుపడ్డారు. తాతయ్య ఒక పెట్టెను చంకన పెట్టుకుని, డబ్బు కట్టి, చొక్కా గుండీ ఒకటి పోగొట్టుకుని బయటపడ్డాడు.

సాయంత్రం ఇంట్లో వియ్యంకుడు తన పొట్లం విప్పాడు. అదే పెట్టె!

"ఆషామాషీగా కొన్నది కాదమ్మా," అన్నాడాయన కూతురితో. "దుకాణానికి ఫోన్ చేసి మరీ కనుక్కున్నా. పెద్ద ఇన్‌స్పెక్టరట, బూటుకాళ్లతో ఎక్కి తొక్కి ఒప్పుకున్నది ఇదొక్కటేనట. ఆఖరిది దక్కించుకున్నాను."

కోడలు మామగారి పొట్లం విప్పి నోరు తెరిచింది. "మీకెవరు చెప్పారు మావయ్యగారూ?"

"ఎవరూ చెప్పలేదమ్మా. నేనే ఎంచుకున్నా."

వియ్యంకుడి మొహం వాడిపోయింది. "ఎవరినీ అడక్కుండా అంతటి నిపుణుడు ఎంచిందే తెచ్చారా! ఒప్పుకున్నాను బావగారూ, ఇక బొమ్మల పని మీదే."

అప్పటికే పాప రెండు పెట్టెలూ కలిపేసి, తన ముక్కు దాకా గోపురం కట్టి కేరింతలు కొడుతోంది. కోడలు చప్పట్లు కొట్టింది. తాతయ్య ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"ఇంతకీ ఆ ఇన్‌స్పెక్టరు చూడ్డానికి ఎలా ఉన్నాడో! మీరేమైనా చూశారా బావగారూ?" అని వియ్యంకుడు అడిగాడు గానీ, తాతయ్యకు సరిగ్గా ఆ ఒక్క ప్రశ్నే వినపడలేదు.