మూల లేని బొమ్మలు

ఆ రోజుల్లో లిఫుకా దీవికి వారానికి ఒకటే పడవ. ఆ సోమవారం మధ్యాహ్నం పడవలో ఇన్‌స్పెక్టర్ ఫోనువా వచ్చేలోగా తన పన్నెండుమంది పిల్లలకూ బొమ్మల పరీక్ష పెట్టేయాలని సియోసయా మాస్టారు పొద్దున్నే అనుకున్నాడు. అందులో మాటలుండవు. ప్రతి పేజీలో ఒక నమూనా, దాని కింది మూల ఖాళీ. అక్కడ ఏ ముక్క అతుకుతుందో కనిపెట్టాలి. చదువు కాదు, బుర్ర ఎలా నడుస్తుందో తెలుస్తుందట. బాగా చేస్తే, ఆ పన్నెండుమందిలో అందరికన్నా చురుకైన ఎసెతకు రాజధానిలో హైస్కూలు సీటు. మా దీవి ఆడపిల్లల్లో ఎవరికీ అప్పటిదాకా అది దక్కలేదు.

మాస్టారికి పెళ్లయి తొమ్మిది రోజులు. బడికి బయలుదేరినవాడు భార్యను చూడటానికి మూడుసార్లు వెనక్కి వచ్చాడు. మూడోసారి లవీనియా జడలో పువ్వు సర్దుతూ, పరీక్ష పుస్తకాల కట్టను బల్ల మీద పెట్టి మరిచిపోయాడు.

కాసేపటికి అతని మేనత్త కలోలైనె పదిమంది ఆడవాళ్లతో దిగింది. చెట్టు బెరడును సాగగొట్టి చేసి కొత్త జంటకిచ్చే గుడ్డకు ఆ రోజే రంగులు వేయాలి.

"బంగారుతల్లి, నమూనాలు కూడా తెచ్చిపెట్టింది," అని పుస్తకాలు విప్పింది. "అయ్యో, మూలలన్నీ బొద్దింకలు తినేసినట్టున్నాయే. పూర్తి చేసేద్దాం పట్టండి."

మేనత్త మాట కాదనే ఆచారం మా వైపు లేదు. కొత్తకోడలు టీ పోస్తుంటే, ఆడవాళ్లు పన్నెండు పుస్తకాల్లోనూ మూలలు నింపేశారు.

గాలి అనుకూలించి పడవ ముందే వచ్చింది. ఇన్‌స్పెక్టరు నేరుగా ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేశాడు.

"పిల్లలు అప్పుడే చేసేశారా అమ్మా?"

అత్తగారిని తప్పుపట్టలేక లవీనియా తలూపింది.

పడవ వచ్చిందని విన్నాకే పుస్తకాలు గుర్తొచ్చిన సియోసయా రొప్పుకుంటూ వచ్చేసరికి ఇన్‌స్పెక్టరు మొహం ఎర్రగా ఉంది. "పన్నెండు పుస్తకాల్లో ఒక్క తప్పు లేదు. చివరి బొమ్మ నాకే కుదర్లేదు. చెప్పి రాయించావు కదూ? ఈ బడికి సీటు లేదు."

సియోసయా కుంచెలు పట్టుకున్న ఆడవాళ్లను చూపించాడు. "అవి... మా అత్త వేసిందండీ."

"నీకు మేనత్త ఉందా నాయనా?" అంది కలోలైనె ఇన్‌స్పెక్టరుతో, కుంచె దించకుండానే.

"ఉందండి."

"ఆవిడ మాట ఎప్పుడైనా కాదన్నావా?"

"లేదండి."

"మరి కూచో. టీ తాగు. సంచిలో ఇంకో పుస్తకం ఉంటే ఎసెతకివ్వు. మేం అటు తిరిగి కూచుంటాం."

ఉన్నది ఆయన సొంత ప్రతి ఒక్కటే. ఎసెత బడి నుంచి వచ్చి, వాకిట్లో చాప మీద కూర్చుని గంటలో ముగించింది. చివరి బొమ్మ కూడా కుదిరింది. సీటొచ్చింది. మిగతా పదకొండుమందికి వచ్చే పడవలో కొత్త పుస్తకాలొచ్చాయి.

ఆ బెరడు గుడ్డ ఇప్పటికీ సియోసయా ఇంట్లో ఉంది. పుస్తకంలోని నమూనాలన్నీ అందులో ఉన్నాయి. ఒక్క మూల మాత్రం కలోలైనె కావాలనే ఖాళీగా వదిలి, అక్కడ ఏం రావాలో ఇన్‌స్పెక్టరును చెప్పమంది.

ఆయన రిటైరై ఇరవై ఏళ్లయింది, ఇంకా టీకి వస్తూనే ఉన్నాడు.