చప్పిడి శాంతం

రాయ్‌పూర్ రైల్వే కాలనీ ఆంధ్ర సంఘంవారు 1950వ సంవత్సరం జనవరి మాసంలో సర్వసభ్య సమావేశం జరిపి, కాలనీలోని యావదాంధ్రుల్లోనూ మిక్కిలి శాంతమూర్తి గూడ్సు గుమాస్తా శ్రీ సూర్యారావుగారేనని ఏకగ్రీవంగా తీర్మానించి, వారిని సంఘానికి అధ్యక్షులుగా ఎన్నుకున్నారు. తీర్మానం చదువుతున్నంతసేపూ సూర్యారావుగారు కళ్ళు సగం మూసి, తల ముందుకు వాల్చి కూర్చున్నారు. అది వినయమని సభ్యులు గ్రహించారు. చదవడం అయిపోయాక కూడా ఆయన అలాగే ఉండిపోవడంతో, అది మహావినయమని గ్రహించి మరోసారి చప్పట్లు కొట్టారు.

ఆడవాళ్ళ చాప మీద కూర్చున్న గంగాభవాని మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆవిడ సూర్యారావుగారి భార్య. మెడలో వేసిన దండలోంచి ఆయన ఒక్కొక్క చేమంతినే తెంపి, నోట్లో వేసుకుని, నిదానంగా నములుతున్నాడు. మూడో పువ్వు దగ్గర ఆవిడ ఇక చూడలేక తల దించుకుంది. పక్కనున్న బంగారమ్మ మోచేత్తో పొడిచి, ఇంత సాత్వికాహారం తీసుకునే మనిషి మొగుడుగా దొరకడం పూర్వజన్మ సుకృతమని మెచ్చుకుంది.

పోయిన వేసవి దాకా ఈ సూర్యారావుకీ శాంతానికీ పడేది కాదు. గూడ్సు షెడ్డుకీ క్వార్టర్లకీ నడుమ ఆరు వరసల పట్టాలున్నాయి. దాటడానికి వంతెన లేదు. నిలబడి ఉన్న వ్యాగన్ల కిందనుంచి వంగి దూరిపోవడమే పద్ధతి. ఇందువల్ల సిబ్బందికి వ్యాయామం కలుగుతున్నదని పైవారు ఒకసారి రాతపూర్వకంగా సంతోషించారు కూడా. మూడేళ్ళ కిందట ఒకనాడు, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ రామయ్య అలా దూరుతూండగా వ్యాగను కదిలింది. ఎడమ పాదం పోయింది. అతణ్ణి భుజాన వేసుకుని ఆస్పత్రికి మోసినవాడు సూర్యారావు.

ఆ రోజునుంచి ఆయనకు నిద్ర లేదు. అర్జీలు రాశాడు. ప్రతి సంఘ సమావేశంలోనూ లేచి నిలబడి, వంతెన మాట ఏమైందని అడిగాడు. హెడ్‌క్లర్కూ సంఘ కార్యదర్శీ అయిన సత్తిరాజుగారు, విషయం పరిశీలనలో ఉన్నదని ప్రతిసారీ ఓపిగ్గా చెప్పారు. అయినా సూర్యారావు ఊరుకోలేదు. ఎవరి పాదమో పోతే ఎవరికో నిద్రపట్టకపోవడం ఆరోగ్య లక్షణం కాదని పెద్దలందరికీ తోచింది. పాదం పోయిన రామయ్యను పనిలోంచి తీసి ఇంటికి పంపారు. పాదాలు రెండూ ఉన్న సూర్యారావును డాక్టరు దగ్గరకు పంపారు.

డాక్టరు మల్లేశ్వరరావుగారు మహా హస్తవాసి గలవారు. రోగి బెంచీ మీద కూర్చునేలోపే జబ్బు కనిపెట్టేవారు, రోగి నోరు విప్పేలోపే మందు రాసేవారు. ఏడు రోజులు, పడుకోబోయే ముందు ఒక గుర్తు మేరకు తాగమని రాసిచ్చారు. కాంపౌండరు పరదేశి సీసా నింపి, గుర్తులు కోసిన కాగితం దానికి అంటించి ఇచ్చాడు. ఎనిమిదో రోజున ఏం చెయ్యాలో చీటీలో లేదు. కనక సూర్యారావు ఎనిమిదో రోజున సీసా పట్టుకుని మళ్ళీ వెళ్ళాడు. సీసా మళ్ళీ నిండింది.

అది బ్రోమైడూ, మరేదో నిద్రమందూ కలిపిన మిక్చరు. బ్రోమైడు అన్న మాట బంగారమ్మ చెవిలో బ్రహ్మ అని పడింది. సాయంత్రానికల్లా కాలనీ అంతటా అది బ్రహ్మమందయి కూర్చుంది. బ్రహ్మమందుకు పత్యం గట్టిగా ఉండాలి గదా. ఉప్పు, పులుపు, కారం మూడూ నిషేధమని ఆడవాళ్ళంతా కూర్చుని ఖాయం చేశారు. గంగాభవాని విజయనగరం పిల్ల, ఆవకాయ లేకుండా ముద్ద దిగని మనిషి. అయినా మొగుడికి చప్పిడి పప్పు, చప్పిడి చారు వండిపెట్టి, ఆయన తిననిది తనకెందుకని తానూ అదే తింది. జాడీకి వాసెన కట్టి అటక ఎక్కించింది. పతివ్రతంటే ఇలా ఉండాలని కొత్తకోడళ్ళకు ఆవిణ్ణి చూపించేవారు.

మందు అద్భుతంగా పనిచేసింది. మొదట నిద్ర పట్టింది. తరువాత మెలకువలో కూడా నిద్ర పట్టింది. ఇదివరకు తడిసిన బస్తా దించితే షెడ్డు కప్పు ఎగిరిపోయేలా అరిచే మనిషి, ఇప్పుడు బస్తా మీదనే తల పెట్టుకుని చిరునవ్వు నవ్వుతున్నాడు. సమావేశాల్లో ఏ తీర్మానం చదివినా తల ఊగుతున్నది. మాట ముద్దగా రావడం గాంభీర్యమయింది. నడకలో తూలడం నిరహంకారమయింది. మొహం నిండా ఎర్రని పొక్కులు లేచాయి. అది తేజస్సని బంగారమ్మ తేల్చి చెప్పింది. పైఅధికారి ఒకరు తనిఖీకి వచ్చి, ఇంత క్రమశిక్షణ గల గుమాస్తాను తన సర్వీసులో చూడలేదని పుస్తకంలో రాసి వెళ్ళారు.

ఒకరోజు కాఫీ గ్లాసు అందిస్తే సూర్యారావు రెండు చేతులా అందుకుని, "మీకెందుకు శ్రమ అక్కయ్యగారూ" అన్నాడు. గంగాభవాని ఏడుపు ఆపుకోలేక బంగారమ్మతో చెప్పుకుంది. పరాయి ఆడవాళ్ళను తోబుట్టువుల్లా చూసేవాళ్ళు లోకంలో ఉన్నారుగానీ, కట్టుకున్నదాన్ని కూడా అలా చూడగలగడం యోగులకే చెల్లునని బంగారమ్మ చేతులు జోడించింది.

ఇంకో ఆదివారం గోల్‌బజారుకు వంకాయల కోసం వెళ్ళినవాడు మధ్యాహ్నమైనా రాలేదు. ఊరి బయట, మోవా అనే పల్లె దగ్గర, ఖాళీ సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటే ఒక బండివాడు ఎక్కించుకు తెచ్చాడు. "బాబూజీ ఘర్ ల భులా గే హే," అన్నాడు, బాబుగారు ఇల్లే మరిచిపోయారని. వైద్యం చదవని ఆ బండివాడొక్కడే జబ్బును సరిగ్గా చెప్పాడుగానీ, అతడు సంఘ సభ్యుడు కాడు గనక ఎవరూ లెక్కచెయ్యలేదు. పాదచారిగా తీర్థయాత్ర చేసి వచ్చారని సత్తిరాజుగారు నోటీసు బోర్డులో రాయించారు.

ఆ తరువాతనే అధ్యక్ష పదవి వచ్చింది. పదవి వచ్చిన మూడో వారంలో, షెడ్డునుంచి ఇంటికి వస్తూ, సూర్యారావు నాలుగో పట్టాల వరస మధ్యన నిలబడిపోయాడు. గూడ్సు ఇంజను కూత మీద కూత వేస్తూ వస్తున్నది. ఆయన దానికి నమస్కారం పెట్టి, ముందు తమరు దయచేయండన్నాడు. గట్టు మీద కూర్చున్న రామయ్య కర్రా, ఒంటికాలూ వేసుకుని దేకుతూ వచ్చి, పంచె పట్టుకుని లాగి పడేశాడు. ఉద్యోగంలో లేని మనిషి పట్టాల మీదకు వచ్చినందుకు రామయ్యకు హెచ్చరిక కాగితం ఇచ్చారు. ఇంజనుకు సైతం మర్యాద చూపిన అధ్యక్షులవారికి అభినందన తీర్మానం చేశారు.

గంగాభవాని ఆ తీర్మానం విని ఇంటికొచ్చి, దేవుడి ముందు దీపం పెట్టబోయి, అగ్గిపెట్టె కింద పెట్టేసింది. ఇవాళ పంచె చెంగు దొరికింది. రేపు దొరకదు. మొగుడు తన కళ్ళముందే పోతాడని, కాలనీ అంతా చప్పట్లు కొడుతూ సాగనంపుతుందని ఆవిడకు తెలిసిపోయింది.

హోలీకి డిస్పెన్సరీ రెండురోజులు మూశారు. రెండోరోజు ఉదయానికి సూర్యారావుకు ఒళ్ళంతా చెమటలు పట్టి, చేతులు తపతప కొట్టుకోసాగాయి. గోడమీద వ్యాగన్లు పోతున్నాయని లెక్కపెట్టాడు. ఖాళీ సీసాలో నీళ్ళు పోసి కుదిపి తాగాడు. ఆవిడ ఇల్లంతా వెతికితే బియ్యం డబ్బా వెనక ఇంకా మూడు సీసాలు దొరికాయి. ఒకదాని మీద సత్తిరాజుగారి పేరు, ఒకదాని మీద బంగారమ్మ మొగుడి పేరు, మూడోదాని మీద పోయినేడాది కాలం చేసిన ఒక గార్డుగారి పేరు ఉన్నాయి. ఒక్క పేరు మీద వచ్చేది చాలక, తిన్నగా నడవలేని మనిషి ఇంత తెలివిగా తెచ్చుకున్నాడన్నమాట. ఒక సీసా అడుగున కాస్త మిగిలి ఉంది. అది పట్టిస్తే పావుగంటలో చేతులు కుదుటపడ్డాయి. జబ్బును తగ్గించే మందు కాదిది, మందు కోసం వచ్చిన జబ్బు ఇది అని ఆవిడకు అప్పుడు తట్టింది.

సీసాలు కొంగులో కట్టుకుని పరదేశి ఇంటికి వెళ్ళింది. పరదేశి ఇదివరలో విశాఖపట్నంలో మతి చెదిరినవాళ్ళ వార్డులో పనిచేసినవాడు. కాంపౌండరు గనక డిస్పెన్సరీలో నిజం చెప్పే అధికారం అతనికి లేదు. ఇంటి దగ్గర, అదీ సెలవురోజు గనక చెప్పాడు.

"ఏటి సెప్పమంతారమ్మగారూ, ఇది అలవాటైపోనాది. బాబుగారికిప్పుడున్న జబ్బల్లా ఆ సీసాలోదే. అలాగని ఒక్కసారే మానిపించేయకండి, ఫిట్సొచ్చి మనిసే దక్కడు. వారానికి కొంచెం సొప్పున ధీరే ధీరే తగ్గించాల. సీసా నేనే కడతాను, బాబుగారికి సెప్పే కడదాం. ఇంతకీ తిండేటి పెడతన్నారు?"

పదకొండు నెలలుగా ఉప్పురవ్వ తగలనివ్వలేదని గంగాభవాని కాస్త గర్వంగానే చెప్పింది. పరదేశి తల పట్టుకున్నాడు.

"ఉప్పు మానేస్తే ఆ బ్రోమైడు ఒంట్లోంచి బయటికి పోదమ్మా. లోపలే పేరుకుపోద్ది. ఉప్పే దానికి విరుగుడు."

గంగాభవాని మనసులో లెక్క చూసుకుంది. డాక్టరు రోజుకొక గుర్తు మేరకు పోస్తే, తాను రెండుపూటలా విస్తట్లో వడ్డించింది. అందరూ చేతులెత్తి మొక్కిన పత్యం అది. దుఃఖం కన్నా ముందు ఆవిడకు సిగ్గు వేసింది, సిగ్గు కన్నా ముందు కోపం వచ్చింది. ఇంటికి వెళ్ళి అటక మీది జాడీ దించింది.

మూడు నెలలు పట్టింది. పరదేశి వారం వారం మందు తగ్గించి నీళ్ళు కలిపాడు. డాక్టరుగారు చూడలేదు, ఆయన సీసాలకేసి చూసే అలవాటు లేనివారు. సూర్యారావు ఒకనాడు సీసా కోసం కాళ్ళు పట్టుకున్నాడు, ఒకనాడు కంచం విసిరికొట్టాడు, ఒకనాడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గంగాభవాని కాళ్ళు వెనక్కి తీసుకుంది, కంచం కడిగి పెట్టింది, ఆయనతో పాటు ఏడ్చింది. మజ్జిగలో ఉప్పు, చారులో ఉప్పు, కలిపిన ప్రతి ముద్దలోనూ ఆవకాయ. పొక్కులు మాడాయి. తూలడం ఆగింది. ఆషాఢంలో ఒక మధ్యాహ్నం ఆయన చారు నోట పెట్టుకుని మొహం చిట్లించాడు.

"ఏమే గంగా, ఉప్పు కుండ ఒలకపోశావా ఏమిటి?"

పేరు పెట్టి పిలిచాడు. గంగాభవాని వంటింట్లోకి వెళ్ళి, కొంగు నోట్లో కుక్కుకుని, తనివితీరా ఏడ్చింది.

ఈ వార్త కాలనీలో సంతోషంగా స్వీకరించబడలేదు. తరువాతి సమావేశంలో సత్తిరాజుగారు అధ్యక్షులవారి మౌనానికి అలవాటుపడి తీర్మానాలు వరసగా చదివేస్తూంటే, అధ్యక్షులవారు లేచి నిలబడ్డారు. వంతెన అర్జీలు మూడేళ్ళుగా ఈ సంఘం పెట్టెలోనే ఎందుకున్నాయని, పైకి పంపకుండా దేన్ని పరిశీలిస్తున్నారని, రామయ్య ఏం తింటున్నాడో ఇక్కడ ఎవరికైనా తెలుసా అని అడిగారు. అందరి కళ్ళూ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. వెలుతురు పడినట్టయి చాలామందికి బాధ కలిగింది.

సత్తిరాజుగారు కళ్ళు తుడుచుకుని ప్రసంగించారు. "సోదరులారా, ఎటువంటి మనిషి ఎలా అయిపోయారో చూడండి. వారు మన కళ్ళముందే మళ్ళీ జబ్బు పడుతూంటే చూస్తూ ఊరుకోవడం ఆంధ్రుల సంప్రదాయం కాదు. వారికి తక్షణమే వైద్యం చేయించవలసిందిగా ఈ సభ తీర్మానిస్తున్నది." తీర్మానం నెగ్గింది. వైద్యం చేయించుకోని పక్షంలో, ఉద్యోగానికి పనికిరాడని డాక్టరు కాగితం రాయవలసి వస్తుందన్న మాట కూడా సత్తిరాజుగారు నొచ్చుకుంటూ ఇంటికి చెప్పి పంపారు.

మర్నాడు ఉదయం గంగాభవానే డిస్పెన్సరీకి వెళ్ళింది. మొగుడు బాగున్నాడని కాగితం రాయించుకురావాలని ఆవిడ ఆశ. వరండాలో ఇరవైముగ్గురు బ్రహ్మమందు కోసం సీసాలు పట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు, అందులో బంగారమ్మ కూడా ఉంది. డాక్టరుగారు ఎంతో దయగా, ఆవిడ చెప్పబోయేది వినకుండానే రాశారు. రాసింది అందరికీ వినపడేలా చదివారు. రోగికి మళ్ళీ నిద్రలేమి తలయెత్తినది. మనుషులను గుర్తుపట్టుచున్నాడు. రుచులు తెలియుచున్నవి. ప్రశ్నలు వేయుచున్నాడు. ఇతరుల కష్టము చూసి కలత చెందుచున్నాడు. చికిత్స: పూర్వపు మిక్చరు, రెట్టింపు. చదివి, నిండు సీసా ఒకటి బల్ల మీద పెట్టారు. మందుల గదిలో పరదేశి తల ఎత్తలేదు.

గంగాభవాని బిరడా తీసి, వరండా పక్కనున్న కాలవలో సీసా బోర్లించింది. ఎర్రటి మందు గుడగుడమంటూ పోయింది. వరసలో ఎవరో అయ్యయ్యో అన్నారు. ఆవిడ ఖాళీ సీసాను తిరిగి బల్ల మీద పెట్టింది.

"డాక్టరుగారూ, మీరు రాసినవన్నీ జబ్బులే అయితే, ఇంత కాలనీలో ఆ జబ్బున్నది మా ఆయనొక్కరికేనా అండీ?"

డాక్టరు మల్లేశ్వరరావుగారు కళ్ళద్దాలు సవరించుకుని, వరండాలో నిలబడ్డ ఇరవైముగ్గురి మొహాల్లోకీ ఒక్కొక్కరిగా, వైద్యుడు చూడవలసినంత శ్రద్ధగా చూశారు.

"ఆయనొక్కరికేనమ్మా," అన్నారు ధైర్యం చెబుతూ. "అదృష్టవశాత్తూ ఇంకెవరికీ అంటుకోలేదు."

ఇరవైముగ్గురూ హాయిగా ఊపిరి పీల్చుకుని, సీసాలు ముందుకు చాచారు.