మూడు నిమిషాల ఆలస్యం

నవ్వనని మాటిస్తేనే చెప్తాను. పోనీ, నవ్వండి. ఎవరో ఒకరు వింటున్నారన్న గుర్తయినా ఉంటుంది నాకు.

నేను బస్టాండులో అనౌన్సర్ని. గాజు గదిలో ఒక్కణ్ణే కూర్చుని, టింగ్ టాంగ్ అని గంట మోగగానే మైకు అందుకుని, ఏ బస్సు ఎక్కడ ఆగి ఉందో రెండేసిసార్లు చెప్పడం నా పని. ఇరవై రెండేళ్లుగా రోజూ వేలమంది నా మాట వింటున్నారు. తిరిగి "ఊఁ" అన్నవాళ్లు లేరు.

మా ఆవిడ లైబ్రరీలో పనిచేస్తుంది. నాకు మాట్లాడినందుకు జీతమిస్తే, ఆవిడకి జనం నోళ్లు మూయించినందుకు ఇస్తారు. ఆ విద్యని ఇంట్లో నా మీద ఉచితంగా ప్రయోగిస్తుంది.

మా అమ్మాయికి పదిహేనేళ్లు. అది తల్లి పోలిక. బళ్లో హాజరు పలికితే పక్క బెంచీకి కూడా వినపడదట. టీచరు దాని పెదాలు చూసి టిక్కు పెట్టుకుంటుందట. అందుకే అందరం దాన్ని గుసగుస అని పిలుస్తాం. ఏడాదిగా నాతో ఆ గుసగుస కూడా లేదు. "తిన్నావా?" అంటే తలూపుతుంది. "బడి ఎలా ఉంది?" అంటే తలుపేసుకుంటుంది.

అలాంటి రోజుల్లో బళ్లో ఉపన్యాసాల పోటీ పెడుతున్నారని తెలిసింది. నేను చప్పుడు చేయకుండా వెళ్లి గుసగుస పేరిచ్చి వచ్చాను. ఫారం నింపి సంతకం కూడా నేనే పెట్టేశాను.

"ఏమండీ, దాన్ని అడక్కుండానే?" అంది మా ఆవిడ.

"ధైర్యం రావాలి కదే. ధైర్యం రావాలి కదా."

"ఒకసారి చెప్తే చాలు. నేను ప్రయాణికురాల్ని కాను."

మీరు కాబట్టి చెప్తున్నాను, ధైర్యం సంగతి తర్వాత. పోటీకి ఇంకా నెల రోజులుంది. ఇంట్లో మైకు పట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. నేర్చుకోవాలంటే రోజూ ఇరవై నిమిషాలు నా దగ్గర కూర్చోక తప్పదు. ముప్పై రోజులకి ఆరొందల నిమిషాలు. ఆ లెక్క కూడా రెండుసార్లు వేసుకున్నాను.

'సమయపాలన' మీద ఉపన్యాసం రాసిచ్చాను. మూడు నిమిషాల పోటీకి పదకొండు పేజీలు. ప్రతి వాక్యం రెండుసార్లు రాయడం వల్ల అంత అయింది. వరండాలో ఎదురుగా కుర్చీ వేసి, మంచినీళ్లు పెట్టి, గొంతు సవరించుకుని కూర్చున్నాను. గుసగుస వచ్చింది, కాగితాలు తీసుకుంది, తలూపింది, లోపలికెళ్లి తలుపేసుకుంది.

రెండో రోజూ అంతే. పదో రోజూ అంతే. లోపల్నించి సన్నగా ఏదో గొణుగుడు వినపడేది. నేను కుర్చీ మోసుకెళ్లి వరండాలోనే దాని గది తలుపు పక్కన వేసుకున్నాను.

"తలుపుకి చెవి ఆనించి ఏం చేస్తున్నారు?"

"గొళ్లెం సరిగా పడుతోందో లేదో చూస్తున్నానే."

"చెవితోనా?"

నా ఆరొందల నిమిషాలూ ఆ తలుపుకి అవతలే ఖర్చయిపోయాయి. భోజనాల దగ్గర ముగ్గురం కూర్చుంటే గోడ గడియారం ఒక్కటే మాట్లాడేది. పగలంతా గాజు గదిలో ఒక్కణ్ణి, ఇంటికొచ్చాక వరండాలో ఒక్కణ్ణి. తేడా ఏమిటంటే ఇంట్లో మైకు లేదు.

పోటీ రోజు రానే వచ్చింది. హాలు నిండిపోయింది. సమయానికి గంట కొట్టే మాస్టారు ఒకాయనున్నారు, పిల్లలు ఆయన్ని గంట మాస్టారంటారు. నన్ను చూడగానే ప్రాణం లేచొచ్చినట్టు, "మైకు సంగతి మీకే బాగా తెలుసు, ఇక్కడ కూర్చోండి" అని వేదిక పక్కన బల్ల దగ్గర కూర్చోబెట్టారు. బల్ల మీద ఇంకో మైకుంది. నేను మురిసిపోయాను. అదే కొంప ముంచింది.

మొదటి పేరు మా గుసగుసదే. వచ్చి నిలబడింది. నోరు తెరిచింది, మాట రాలేదు. దాని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేను చేసిన పని ఎలాంటిదో అప్పుడు తెలిసింది నాకు. దానికి ధైర్యం కాదు, నాకు తోడు కావాలని దాన్ని అందరి ముందూ నిలబెట్టాను.

సరిగ్గా అప్పుడే గంట మాస్టారు సమయం మొదలైందని మీట నొక్కారు.

టింగ్ టాంగ్.

ఒట్టు, నేను చేయలేదు. నా చెయ్యే వెళ్లి మైకు అందుకుంది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. నాలుగో ప్లాట్‌ఫాం మీద ఉన్న బస్సు మరికొద్ది నిమిషాల్లో బయలుదేరుతుంది. మీ పిల్లల్నీ సామాన్లనీ జాగ్రత్తగా చూసుకోండి. ప్రయాణికులకు విజ్ఞప్తి..."

రెండోసారి సగంలో తెలివొచ్చింది. హాలంతా ఒక్కసారిగా గొల్లున నవ్వింది. మూడో వరసలో మా ఆవిడ చూపుడువేలు పెదవుల మీద పెట్టుకుని నావైపు చూస్తోంది. బల్ల కిందికి దూరదామంటే కాళ్లు పట్టలేదు.

గుసగుస నన్ను చూసింది. తర్వాత మైకు దగ్గరికి జరిగి, అచ్చం నా గొంతుతో అంది:

"ప్రయాణికులకు విజ్ఞప్తి. బస్సు మూడు నిమిషాలు ఆలస్యం. అసౌకర్యానికి చింతిస్తున్నాం."

ఈసారి నవ్వు వేరుగా ఉంది. అది దాని మాటకి వచ్చిన నవ్వు. పదకొండు పేజీలూ మడిచి పక్కన పెట్టేసింది.

"ఇది రాసిచ్చినాయన అదిగో, మా నాన్న. నా పేరు నేనివ్వలేదు. ఫారంలో 'ఎందుకు పాల్గొంటున్నారు' అన్నచోట 'ధైర్యం కోసం, ధైర్యం కోసం' అని రెండుసార్లు రాసుంటే, ఎవరిచ్చారో అప్పుడే తెలిసింది. చిన్నప్పుడు నేను ఆయన గాజు గదిలో బల్ల కింద ఆడుకునేదాన్ని. ఆయన ఏ బస్సు గురించి చెప్పినా 'అలాగే నాన్నా' అని గట్టిగా అరిచేదాన్ని. ఊరందరికీ చెప్పే మనిషికి జవాబు చెప్పేది నేనొక్కదాన్నే. ఎప్పుడు మానేశానో నాకు గుర్తులేదు."

ఇంకా చాలా చెప్పింది. గంట మాస్టారు మూడుసార్లు గంట కొట్టినా ఆపలేదు. నేను మాత్రం మళ్లీ మైకు అందుకోకుండా చేతుల మీద కూర్చున్నాను. కళ్లు తుడుచుకుందామన్నా చేతులు ఖాళీ లేవు.

బహుమతి రాలేదు. సమయం మించిందని కొట్టేశారు. సమయపాలన మీద ఉపన్యాసం కదా మరి.

ఇంటికొచ్చాక గుసగుస నన్ను వరండాలో నిలబెట్టింది. నేను వేసుకున్న కుర్చీలో తను కూర్చుంది.

"నీకేం కావాలో చెప్పు నాన్నా. పోటీలూ ఫారాలూ వద్దు. నిలబడి, గట్టిగా, నోటితో అడుగు."

ఇరవై రెండేళ్లు మైకు పట్టినవాణ్ణి. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. చివరికి ఎలాగో అన్నాను.

"నాతో... రోజూ కాసేపు మాట్లాడతావా అమ్మా?"

లోపల్నించి మా ఆవిడ కేకేసింది. "వినపడలేదు! ఇంకోసారి!"

ఆవిడ నన్ను రెండోసారి చెప్పమనడం పెళ్లయ్యాక అదే మొదలు. చెప్పాను.

"అలాగే నాన్నా," అంది గుసగుస. పక్కింటివాళ్లు తొంగిచూసేంత గట్టిగా.