ఆవిడ గిన్నెలో పెరుగు

డ్రైవింగ్ నేర్పే మాస్టారి కుడికాలికి ఇంట్లో కూడా విశ్రాంతి లేదు. పొయ్యి మీద పాలు పొంగితే లేచి స్టవ్ కట్టేయరు. కూర్చున్నచోటే లేని బ్రేకు నొక్కి "ఆపూ!" అని కేకేస్తారు.

ఆ కేకలకి ఇప్పటికి ఏడుగురు నేర్చుకోవడం మధ్యలోనే మానేశారు. "ఇప్పుడు నేర్చుకుంటున్న ఎనిమిదో ఆవిడా పారిపోతే, ఆవిడ వెనకే మీరూ వెళ్లిపోండి" అనేశాడు డ్రైవింగ్ స్కూలు ఓనరు. ఆవిడ లైసెన్సు పరీక్షకి పది రోజులుంది.

మాస్టారి భార్యది నీళ్ల ఆఫీసులో ఫిర్యాదుల కౌంటరు. పొద్దస్తమానం ఊరంతా ఆమె మీద అరుస్తుంది. సాయంత్రం ఆమె మాత్రం కూనిరాగం తీస్తూ ఇంటికొస్తుంది. అదెలా సాధ్యమో మాస్టారికి పన్నెండేళ్లుగా అంతుపట్టలేదు.

పళ్ల డాక్టరు దగ్గర పాత పత్రిక తిరగేస్తుంటే గుట్టు దొరికింది. పొట్టలోని సూక్ష్మజీవులకీ మెదడుకీ రోజంతా మంతనాలట! అవి మంచివైతే మనసు కుదుటపడుతుందేమోనని శాస్త్రవేత్తలు ఇంకా పరిశోధిస్తున్నారట. "ఇంకా" దాకా మాస్టారు ఆగలేదు. ఫ్రిజ్ పై అరలో, పుట్టింటి తోడుతో భార్య తనకోసం వేరుగా పెట్టుకునే పెరుగు గుర్తొచ్చింది.

ఆ రోజు నుంచి సాయంత్రం ఆమె స్నానానికి వెళ్లగానే నాలుగు చెంచాలు. నోరు తెరిస్తే వాసన పట్టేస్తుందని, ఆ తర్వాత పెదవి విప్పితే ఒట్టు.

"ఏమండీ, పాలు పొంగాయి."

"ఊఁ."

"కూరలో ఉప్పెక్కువైందా?"

"ఊఁహూఁ."

పదో రోజు పరీక్షలో ఎనిమిదో ఆవిడ కారుని గోడకి జానెడు దూరంలో ఆపింది. వెనక సీట్లో మాస్టారు చిరునవ్వు నవ్వారు! ఆవిడ పాసైంది, ఈయన ఉద్యోగం నిలిచింది.

పరుగున ఇంటికొచ్చి భార్య చేతులు పట్టుకున్నారు. "తప్పైపోయిందోయ్! రోజూ నీ పెరుగు దొంగిలించాను. నీ సూక్ష్మజీవులే నా పరువు కాపాడాయి. ఎంత గొప్పవే అవి!"

"మొదటి రోజే చూశానండీ. మా అమ్మ తోడు ఖాళీ చేసేస్తారని గిన్నెలు మార్చేశాను. రెండో రోజు నుంచి మీరు తిన్నది మీ పెరుగే."

"మరి నా శాంతం?"

"దొరికిపోతానని పది రోజులు నోరు మూసుకున్నారు కదా, అలవాటైపోయింది."

మాస్టారు నోరెళ్లబెట్టారు. అన్నీ తెలిసి పది రోజులు పల్లెత్తు మాట అనలేదే! ఇంత ఓర్పున్న మనిషిని పక్కన పెట్టుకుని, శాంతాన్ని గిన్నెలో వెతికానా అనుకున్నారు.

"మీరు అరవడం మానితే అడుగుదామని పన్నెండేళ్లు ఆగాను" అంటూ ఆమె సొంత కారు తాళాలు అందుకుంది. "నాకూ నేర్పండి, పదండి."

మాస్టారి కుడికాలు నేలని గట్టిగా నొక్కింది. "మన కారుకి స్కూలు కారులా నా పక్క బ్రేకు లేదే!"

"తెలుసండీ. అందుకే ఇవాళ నా గిన్నెలోంచి ఓ చెంచా పెడతాను."

ఎందుకైనా మంచిదని మాస్టారు రెండు చెంచాలు తిన్నారు.